మొదటి తేదీ: బీమా కంపెనీలు కలిసేటప్పుడు గీసుకోవాల్సిన పటం

(డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి స్మృత్యర్థం మలక్‌పేటలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



పట్టాభి గారంటే మనకు వెంటనే గుర్తొచ్చేది కాంగ్రెస్ చరిత్ర రాసిన మనిషి, 1939లో సుభాష్ బోసు మీద అధ్యక్ష పదవికి పోటీ చేసిన మనిషి, 1948లో జైపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన మనిషి. నేను ఈ సాయంత్రం తలుచుకోదలచింది మరో పట్టాభిని. బందరులో నడుస్తున్న డాక్టరీ ప్రాక్టీసు వదిలేసి జాతీయోద్యమంలోకి దిగి, ఆ ఊళ్లోనే ఒకదాని వెంట ఒకటి సంస్థలు నిలబెట్టిన పట్టాభిని. 1923లో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీ. తెలుగువాళ్ల పొదుపు తెలుగువాళ్ల చేతుల్లో ఉండాలన్న పట్టుదల వాటి వెనకుంది.

ఆయన పెట్టిన బీమా కంపెనీల జీవిత బీమా వ్యాపారం 1956లో ఎల్‌ఐసీలో కలిసింది. ఆయన పెట్టిన బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఒకే మనిషి నాటిన సంస్థలు రెండు వేర్వేరు కాలాల్లో విలీనాలు చూశాయి. మొదటిసారి లెడ్జర్లు కలిశాయి, రెండోసారి డేటాబేసులు కలిశాయి. బీమా విలీనాల్లో ఐటీ పటాలు గీసే వృత్తిలో బతికినవాడిగా ఆయన స్మారక సభలో మాట్లాడటానికి నాకు ఇంతకంటే తగిన విషయం తోచలేదు.

నేను చెప్పదలచింది ఒక్కటే. బీమా విలీనానికి పటం గీసేటప్పుడు సర్వర్ల దగ్గర మొదలు పెట్టకండి, సాఫ్ట్‌వేర్ దగ్గరా మొదలు పెట్టకండి. ఆ కంపెనీ ఎవరికి ఏం బాకీ ఉందో అక్కడ మొదలు పెట్టండి. ఆ బాకీకి ఆధారమైన ప్రతి తేదీ, ప్రతి పేరు ఏ మిషన్‌లో, ఏ మనిషి దగ్గర ఉందో అక్కడి నుంచి కిందికి గీసుకుంటూ రండి.

1956 సంగతి కొంచెం వివరంగా చూద్దాం. ఆ ఏడాది జనవరి 19న జీవిత బీమా ఆర్డినెన్సు వచ్చింది. ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్. కంపెనీల మేనేజిమెంటు ప్రభుత్వం చేతికి వచ్చింది, కస్టోడియన్లు కుర్చీల్లో కూర్చున్నారు. జూన్‌లో పార్లమెంటు చట్టం చేసింది, సెప్టెంబర్ 1న ఎల్‌ఐసీ పుట్టింది. 154 దేశీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, మొత్తం 245 సంస్థలు ఒక్కటయ్యాయి. వాటి స్థానంలో 5 జోనల్ ఆఫీసులు, 33 డివిజనల్ ఆఫీసులు, 212 బ్రాంచీలు వచ్చాయి.

ఆ చట్టాన్ని మళ్లీ చదివినప్పుడల్లా నాకు మంచి పటం చదువుతున్నట్టే ఉంటుంది. 7వ సెక్షన్ పాత కంపెనీల ఆస్తులూ అప్పులూ రెంటినీ కార్పొరేషన్‌కు బదలాయించింది. 11వ సెక్షన్ ఆ కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లను కార్పొరేషన్ ఉద్యోగులను చేసింది. 14వ సెక్షన్ బలహీనపడ్డ కంపెనీల పాలసీల మొత్తాలను సవరించే అధికారం ఇచ్చింది. 37వ సెక్షన్ బీమా మొత్తానికీ ప్రకటించిన బోనస్‌కూ కేంద్ర ప్రభుత్వ హామీ పెట్టింది. బాకీ ఎంత, దాన్ని తీర్చేది ఎవరు, పని చేసేది ఎవరు, చివరికి పూచీ ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలకూ అందులో జవాబుంది. కంప్యూటర్ ఊసు లేని ఆ కాగితం, నేడు మనం గీసే చాలా రంగుల బొమ్మల కంటే సంపూర్ణంగా కనిపిస్తుంది నాకు. 1955లో బందరులో పాతికేళ్ల గడువు పాలసీ కట్టుకున్న గుమస్తాకు 1980లో డబ్బు ముట్టాలి. పాలసీ అమ్మిన కంపెనీ బోర్డు దిగిపోయి అప్పటికి 24 ఏళ్లు. ఆ డబ్బు ఏ లెడ్జర్‌లోని ఏ పేజీ ఆధారంగా వస్తుందన్నదే అసలు పని.

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అన్న శాస్త్రం తర్వాత మూడు దశాబ్దాలకు గానీ రాలేదు. 1987లో ఐబీఎంలో పనిచేస్తున్న జాన్ జాక్‌మన్ వ్యాసంతో దానికి ఒక రూపం వచ్చింది. నెదర్లాండ్స్‌లో పుట్టి, ఓపెన్ గ్రూప్ చేతికి వచ్చి, 2009లో ప్రమాణంగా వెలువడిన ఆర్కిమేట్ అనే చిత్రభాషను మా వృత్తిలో ఎక్కువగా వాడతాం. పైన వ్యాపారం, మధ్యన అప్లికేషన్లు, కింద మిషన్లూ నెట్‌వర్కులూ. ఈ అంతస్తుల మధ్య ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారో చూపే బాణాలు. ఆ భాష నేర్పడానికి వాడే ప్రసిద్ధమైన ఉదాహరణ కూడా ఒక బీమా విలీనమే. ఆర్కిష్యూరెన్స్ అనే కల్పిత కంపెనీ అది. ఇంటికీ ప్రయాణాలకూ బీమా అమ్మే కంపెనీ ఒకటి, కార్లకు అమ్మేది ఒకటి, కోర్టు ఖర్చులకు అమ్మేది ఒకటి, మూడూ కలుస్తాయి. కస్టమర్లకు ఎదురుగా కూర్చునే ముందు ఆఫీసు ఒకటవుతుంది, వెనకాల పాలసీలూ లెక్కలూ నడిపే ఆఫీసులు మాత్రం మూడుగానే మిగులుతాయి. ఆ తర్వాత వెనక ఆఫీసుల సాఫ్ట్‌వేర్లను ఒక్కటి చేసే దారి గీస్తారు.

ఆ ఉదాహరణ నాకిష్టం. ఎన్నో ఏళ్లుగా కుర్రవాళ్లకు దాన్నే పాఠంగా చెబుతున్నాను. ముందు ఆఫీసు ఒకటి, వెనక ఆఫీసులు మూడు అన్న దశ ఎంత నిజమో విలీనం చూసిన ప్రతివాళ్లకూ తెలుసు. దానితో నాకున్న పేచీ ఏమిటంటే, అందులోని కస్టమర్‌కు గతం లేదు. చిత్రంలో ఒక బొమ్మగా నిలబడి ఉంటాడంతే. మలక్‌పేటలో ఉండే కస్టమర్‌కు గతం చాలా ఉంటుంది.

ఒక కేసు ఊహించుకుందాం. అక్బర్‌బాగ్‌లో ఒకావిడ. 2016 ఆగస్టులో ఒక ఆరోగ్య బీమా కంపెనీలో పాలసీ తీసుకున్నారు. ఏటా రెన్యువల్ చేసుకుంటూ వచ్చారు. 2021 ఏప్రిల్‌లో ఆ కంపెనీ మరో కంపెనీలో కలిసింది, కొత్త పాలసీ నంబరు వచ్చింది, కొత్త కార్డు వచ్చింది. 2024 జూలైలో గుండె నొప్పితో మలక్‌పేటలో ఒక ఆసుపత్రిలో చేరారు. ఆమె కొడుకు క్యాష్‌లెస్ డెస్క్ దగ్గర నిలబడ్డాడు. డెస్క్‌లోని అమ్మాయి కార్డు నంబరు కొట్టింది, ప్రీ-ఆథరైజేషన్ ఫారం నింపింది, డాక్టరు రాసిన పాత జబ్బుల వివరాలు జతచేసి పంపింది. పాత జబ్బుల్లో బీపీ ఉంది. 2016 నాటి ప్రపోజల్ ఫారంలో బీపీ రాశారో లేదో ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు మొత్తం వ్యవహారం ఒక్క గడి మీద ఆధారపడి ఉంది: మొదటి పాలసీ తేదీ. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం 60 నెలలు ఎడతెగకుండా పాలసీ నడిస్తే, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరగ్గొట్టే హక్కు కంపెనీకి ఉండదు, మోసం రుజువైతే తప్ప. 2016 ఆగస్టు నుంచి లెక్కేస్తే 95 నెలలు. ఆమెకు ఢోకా లేదు. విలీనంలో ఆ గడి సరిగ్గా ఎక్కకపోయి, కొత్త సాఫ్ట్‌వేర్ 2021 ఏప్రిల్‌నే మొదటి తేదీ అనుకుంటే 39 నెలలే. ఫైలు విచారణకు వెళ్తుంది. కొడుకు డబ్బు కోసం పరుగులు పెడతాడు.

ఇది ఎలా జరుగుతుంది? పాత కంపెనీ డేటాబేసులో రెండు తేదీల గడులుండేవి. ఈ ఏటి పాలసీ మొదలైన తేదీ ఒకటి, మొట్టమొదట కస్టమర్ అయిన తేదీ మరొకటి. కలుపుకున్న కంపెనీ డేటాబేసులో ఒకటే గడి. మొదటి తేదీని వాళ్లు గడిలో పెట్టుకోరు, పాత రెన్యువళ్ల గొలుసు వెనక్కి నడిచి లెక్క కట్టుకుంటారు. మైగ్రేషన్‌లో చివరి రెండేళ్ల పాలసీలే తెచ్చి, మిగతావి ఆర్కైవ్‌లో పెడితే ఆ గొలుసు అక్కడ తెగిపోతుంది. ఇందులో ఎవరూ దొంగలు కారు. మైగ్రేషన్ చేసిన కుర్రాడికి అప్పగించిన షీటులో ఆ గడి లేదు, అంతే.

అందుకే మొదటి రోజునే పటం మీద ఆ తేదీ ఉండాలంటాను. పై అంతస్తులో '60 నెలల తర్వాత ప్రశ్నించరాదు' అన్న హామీ. దాని కింద క్యాష్‌లెస్ నిర్ణయం తీసుకునే పని. దాని కింద ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం. దాని కింద ఆ సమాచారం రెండు పాత సాఫ్ట్‌వేర్లలో ఏ పేరుతో, ఏ రూపంలో ఉందో. హామీ నుంచి గడి దాకా గీత తెగకుండా దిగాలి. ఎక్కడైనా తెగితే అక్కడే కస్టమర్‌కు నష్టం. ఆ నష్టం ఆసుపత్రి వరండాలో బయటపడకముందే మన కాగితం మీద బయటపడాలి.

టైమ్ కూడా ఆ పటం మీదే రాయాలి. ప్రీ-ఆథరైజేషన్‌కు గంటలోగా, డిశ్చార్జి అనుమతికి మూడు గంటలలోగా జవాబివ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 మే నెల సర్క్యులర్ చెబుతోంది. పాత రికార్డు కోసం ఆర్కైవ్ టీముకు మెయిలు పెట్టి మర్నాటి దాకా ఎదురుచూసే ఏర్పాటు ఉంటే ఆ గంట ఎప్పుడో దాటిపోతుంది. బాణాలూ పెట్టెలూ చక్కగా చూపే మా చిత్రభాష గడియారాన్ని అంత బాగా చూపదు. నేను ప్రతి బాణం పక్కనా నిమిషాలు రాయమంటాను.

ఇక పేర్లు. మలక్‌పేట, సైదాబాద్, చాదర్‌ఘాట్ ప్రాంతాల పాలసీల జాబితా తీసి, ఇద్దరు కస్టమర్లు ఒకరేనా కాదా అని మిషన్‌ను తేల్చమనండి. ఒకే మనిషి ఒక కంపెనీలో మొహమ్మద్, ఇంకో కంపెనీలో ఎండీ, మూడో చోట ఎంఓహెచ్‌డీ. ఉర్దూలో ఒకే తీరుగా రాసే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు తీర్లుగా దిగుతుంది. వెంకటేశ్వర్లు గారి ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఇంకో చోట పొడి అక్షరం, ఆధార్‌లో పేరు చివర. ఇంటి నంబరు 16-11తో మొదలై దాని వెనక మరో మూడు అడ్డగీతలు, ఒక స్లాష్, ఒక ఏ, ఒక బీ. గంజ్‌లో వ్యాపారం చేసే కుటుంబంలో తాత పేరే మనవడికి ఉంటుంది, ఇద్దరిదీ ఒకే చిరునామా. మిషన్ వాళ్లిద్దర్నీ కలిపేస్తే తాత చనిపోయినప్పుడు మనవడి పాలసీ మూతపడుతుంది. విలీనంలో 'ఒక కస్టమర్, ఒక రికార్డు' అన్న లక్ష్యాన్ని ఎవరైనా స్లైడు మీద పెడితే, ఈ ప్రాంతపు ఏజెంటును ఒకరిని పిలిచి ఆ గదిలో కూర్చోబెట్టమని చెబుతాను. ఇరవై ఏళ్లుగా ఆ ఇళ్లకు రసీదులు మోసిన మనిషికి తెలిసినది ఏ అల్గారిథమ్‌కూ తెలియదు. ఆయన తెలివి కూడా పటం మీద ఒక పెట్టెగా ఉండాలి. ఆయన రిటైరయ్యే తేదీ ఆ పెట్టె పక్కన ఉండాలి.

ఇప్పుడు పట్టాభి గారి బ్యాంకు దగ్గరికి వద్దాం. 2019 ఆగస్టులో విలీనాలు ప్రకటించినప్పుడు ప్రభుత్వం ఒక అనుకూలాంశం చెప్పింది. యూనియన్ బ్యాంకు, ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు మూడూ ఫినాకిల్ అనే కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ మీదే ఉన్నాయని. అది నిజమే, పనికొచ్చే విషయమే. కానీ దాన్ని చూసి పని సులువనుకుంటే పొరపాటు. సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా పథకాలు వేరు, ఖాతా రకాలు వేరు, వడ్డీ లెక్కల సెట్టింగులు వేరు. ఆంధ్రా బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి, చెక్కు పుస్తకాలు మారాయి. ఆంధ్రా బ్యాంకు ఖాతాలో మెచ్యూరిటీ డబ్బు వేయమని ఏళ్ల కిందట ఫారం ఇచ్చిన ప్రతి బీమా పాలసీదారు రికార్డులోనూ ఒక గడి చెల్లకుండా పోయింది. విలీనం బ్యాంకులో జరిగింది, మరమ్మతు బీమా కంపెనీల్లో కూడా అవసరమైంది. మన పటం మన కాంపౌండు గోడ దగ్గర ఆగిపోతే ఈ సంగతి కనపడదు.

ఇంకా ఆసక్తికరమైనది వాటాల ముడి. ఆంధ్రా బ్యాంకుకు ఇండియాఫస్ట్ లైఫ్ అనే జీవిత బీమా కంపెనీలో 30 శాతం వాటా ఉండేది. యూనియన్ బ్యాంకుకేమో స్టార్ యూనియన్ దాయ్-ఇచి లైఫ్‌లో వాటా ఉంది. విలీనంతో ఒకే బ్యాంకు రెండు జీవిత బీమా కంపెనీల్లో పెద్ద వాటాదారు అయింది, నిబంధనలు దానికి ఒప్పుకోవు. 2022లో ఇండియాఫస్ట్ వాటాలో 21 శాతం బ్యాంక్ ఆఫ్ బరోడాకు అమ్మేసి 9 శాతం ఉంచుకుంది. వాటాల కథ అలా ముగిసింది. కౌంటర్ దగ్గర మాత్రం ఆంధ్రా బ్యాంకు బ్రాంచీలో పాలసీ కొన్న తెలుగు కస్టమర్ ఉన్నాడు. అతనికి తన పాలసీ ఎవరిదో తెలియదు, బ్యాంకుదే అనుకుంటాడు. ప్రీమియం సంగతి అడగడానికి అదే కౌంటర్‌కు వస్తాడు. ఎవరి దగ్గరికి వెళ్లాలో అతనికి చెప్పే బాధ్యత ఎవరిదన్నది కూడా పటంలో ఉండాల్సిన గీతే.

జరగని విలీనం ఒకటి ఉంది, దాన్నీ చెప్పుకోవాలి. 2018 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ గారు నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా సాధారణ బీమా కంపెనీలను ఒక్కటి చేస్తామన్నారు. ఒకదాని హెడ్డాఫీసు కలకత్తా, ఒకటి ఢిల్లీ, ఒకటి చెన్నై. 2020 జూలైలో కేబినెట్ ఆ ఆలోచన విరమించుకుని మొత్తం 12,450 కోట్ల మూలధనం సమకూర్చే దారి పట్టింది. ఆర్థిక కారణాలు అందరూ చర్చించారు. నాకు మాత్రం వెంటనే తోచింది మోటారు థర్డ్ పార్టీ కేసులు. ఒక్కో ఎంవీఓపీ, అంటే ప్రమాద పరిహారం పిటిషన్, ట్రిబ్యునల్‌లో ఏళ్ల తరబడి నడుస్తుంది. ఫైలు కొంత ఆఫీసులో, కొంత ప్యానెల్ అడ్వకేటు ఇంట్లో ఉంటుంది. ప్రమాదం నాటి పాలసీ ఏ బ్రాంచీ ఏ సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చిందో, అది మారాక ఏ నంబరైందో తేల్చుకోవాలి. అడ్వకేట్ల బీరువాల దాకా గీయని పటం మోటారు బీమాకు పనికిరాదు.

ఐటీ ఆపరేషన్ల గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే విలీన ప్రణాళికల్లో దీనికి చివరి స్లైడే దొరుకుతుంది. బీమా కంపెనీ పగలు అమ్ముతుంది, రాత్రి లెక్క చూసుకుంటుంది. రెన్యువల్ నోటీసులు, బ్యాంకు నుంచి ప్రీమియం లాగే నాచ్ ఫైళ్లు, లాప్స్ అయిన పాలసీల గుర్తింపు, ఏజెంటు కమిషన్, బోనస్ జమ, అన్నీ రాత్రి బ్యాచ్‌లో నడుస్తాయి. రెండు కంపెనీల బ్యాచ్‌లు పక్కపక్కన నడిచే నెలల్లో అసలు ప్రమాదం ఉంటుంది. ఒక పాలసీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది, పాతదాంట్లో ఇంకా బతికే ఉంది. నెల మొదట్లో ఇద్దరూ ప్రీమియం లాగారు. లేదా ఇద్దరూ రెండోవాడు లాగుతాడనుకుని వదిలేశారు, పాలసీ లాప్సయింది. మొదటి తప్పుకు ఫోను వస్తుంది, డబ్బు వెనక్కిస్తాం. రెండో తప్పు చాలాసార్లు మనిషి పోయాకగానీ బయటపడదు. కాబట్టి రాత్రి ఏ గంటకు ఏ జాబు నడుస్తుందో, దేని తర్వాత దేన్ని నడపాలో, ఆగిపోతే ఎవరికి ఫోను చేయాలో పటంలో ఉండాలి. ఆ షెడ్యూలు చాలా చోట్ల రాత్రి షిఫ్టు ఆపరేటర్ నోటుబుక్కులో ఉంటుంది. విలీనంలో మొదట ఇంటికి పంపేది వాళ్లనే. నేను దీన్ని ఎప్పుడూ వ్యతిరేకించాను, ఇప్పుడూ వ్యతిరేకిస్తాను.

పాత సర్వర్లు ఆపడం కూడా అంతే జాగ్రత్తగా చేయాల్సిన పని. ఎవరికీ పట్టని పాత సర్వర్‌లో పాలసీదారుల జబ్బుల వివరాలు ఉంటాయి. దాని లాగులు చూసే మనిషి ఉండడు. సైబర్ దాడి జరిగితే గుర్తించిన ఆరు గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఆదేశాలున్నాయి. గుర్తించేవాడే లేనప్పుడు ఆరు గంటల లెక్క ఎప్పుడు మొదలవుతుంది? ప్రతి పాత మిషన్‌కూ యజమాని పేరు, ఆపే తేదీ, ఆపాక రికార్డు ఎక్కడ చదవాలన్న వివరం ఉండాలి. మూడింటిలో ఏది ఖాళీగా ఉన్నా దాన్ని ఆపకూడదు, గాలికి వదిలేయనూ కూడదు.

ఇక ఈ ఊరిదే అయిన ఒక సంస్థతో నా మాట ముగిస్తాను. 1907లో నిజాం ప్రభుత్వం తన ఉద్యోగుల కుటుంబాల కోసం మొదలుపెట్టిన ఏర్పాటే తర్వాత రాష్ట్ర జీవిత బీమా శాఖ అయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఏపీజీఎల్ఐగా కోస్తా, రాయలసీమ ఉద్యోగులకూ విస్తరించింది. 2014 జూన్ 2 తర్వాత ఏపీకీ తెలంగాణకూ వేర్వేరు శాఖలయ్యాయి. ఒకే సంస్థ కలవడమూ చూసింది, విడిపోవడమూ చూసింది. ఉద్యోగుల పంపకం కమలనాథన్ కమిటీ ద్వారా ఏళ్లపాటు సాగింది. ఉద్యోగి ఎటు వెళ్తాడో తేలేదాకా అతని బాండు ఎవరి పద్దు? విడిపోవడానికి కూడా విలీనానికి కావలసిన పటమే కావాలి, బాణాలు తిరగేసి చదవాలంతే.

ఈ శాఖలో పాలసీ ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకు 'మిస్సింగ్ క్రెడిట్స్' అన్న మాట బాగా తెలుసు. జీతంలోంచి ప్రీమియం కోత పడింది, ట్రెజరీలో 8011 పద్దుకు జమ అయింది, కానీ బీమా ఆఫీసులో ఉద్యోగి ఖాతాకు ఎక్కలేదు. డబ్బు పోలేదు. డబ్బు ఒక దారిన, ఎవరి డబ్బో చెప్పే షెడ్యూలు ఇంకో దారిన వెళ్లాయి, రెండూ కలుసుకోలేదు. రిటైరయ్యే ఏడాది ఆ టీచరో, ఆ పోలీసో పాత జీతం బిల్లులు, ట్రెజరీ వోచరు నంబర్లు పట్టుకుని పనిచేసిన ప్రతి ఆఫీసుకూ తిరుగుతారు.

ఈ సభలో ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు. ప్రాజెక్టు అంశం అడిగితే నేను ఇదే ఇస్తాను. ఒక ఉద్యోగి, ఒక నెల ప్రీమియం తీసుకోండి. డ్రాయింగ్ ఆఫీసర్ బిల్లు తయారుచేసిన దగ్గర్నుంచి బాండు ఖాతాలో ఎక్కేదాకా ఆ రూపాయి ఏ చేతులు, ఏ మిషన్లు దాటిందో ఆర్కిమేట్‌లో గీయండి. దానికి ఆర్చీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తర్వాత ఆ ఉద్యోగిని మధ్యలో ఒకసారి జిల్లా బదిలీ చేయండి, ఒకసారి శాఖ మార్చండి, ఒకసారి రాష్ట్రం మార్చండి. ప్రతిసారీ ఏ గీత తెగిందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. ఆ కాగితాలు తీసుకుని అబిడ్స్ తిలక్ రోడ్డులోని బీమా భవన్‌కు వెళ్లి, షెడ్యూళ్లు పోస్టు చేసే సీట్లో కూర్చునే వాళ్లకు చూపించండి. వాళ్లు దిద్దిన తర్వాతే నాకు తెచ్చి చూపండి.